పేరు తీసేసి నంబరు ఇచ్చే రాజ్యాలు

'కల్కి 2898 ఏడీ' 2024 జూన్‌లో వచ్చినప్పుడు కదిరిలో కూడా జనం టికెట్లకు ఎగబడినారు. ప్రభాస్ కారు గురించి, అమితాబ్ అశ్వత్థామ గురించి వారాల తరబడి మాట్లాడుకున్నారు. నాకు మటుకు దీపికా పడుకోణె పాత్రే మనసులో నిలిచిపోయింది. కాంప్లెక్స్ అనే ఆ తలకిందుల పిరమిడ్‌లో ఆమె 'సమ్-80'. గర్భం మోయడానికి పనికొస్తుందని పట్టుకొచ్చి పెట్టిన ఆడవాళ్లలో ఒక నంబరు, అంతే. సుమతి అన్న పేరు ఆమెకు తర్వాత వస్తుంది.

ఈ ఊహకు వందేళ్లు దాటాయి. రష్యాలో యెవ్‌గెనీ జమ్యాతిన్ అనే ఓడల ఇంజనీరు 1920-21లో 'మేము' అనే నవల రాశాడు. అందులో ఎవరికీ పేర్లుండవు. కథ చెప్పేవాడు డి-503, అతను మనసుపడిన ఆమె ఐ-330. ఇళ్ల గోడలన్నీ గాజువి. అందరూ ఒకే గంటకు లేవాలి, ఒకే గంటకు తినాలి. ముద్దను యాభైసార్లు నమలాలన్నది కూడా చట్టమే. చివరకు డి-503 మెదడులోంచి ఊహాశక్తిని కోసి తీసేస్తారు. ఆ తర్వాత ఐ-330ని హింసిస్తుంటే అతను ఏ బాధా లేకుండా చూస్తూ కూర్చుంటాడు. ఈ నవల ముందు ఇంగ్లీషులో 1924లో న్యూయార్క్‌లో అచ్చయింది. రాసినవాడి సొంత దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా పట్టింది.

ఇలాంటివాటిని డిస్టోపియా నవలలు అంటారు. అంతా బాగుచేస్తామని మొదలుపెట్టి, మనిషికి ఊపిరాడకుండా చేసే రాజ్యాల కథలు. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టినప్పుడు పాఠంగా ఒకటి చదివాను. పరీక్ష అయిపోయినా ఆ నవలలు నన్ను వదల్లేదు. నేను చేసే పని వల్లనే అనుకుంటాను. కదిరిలో తాలూకాఫీసుకు దగ్గర్లో నాకు జిరాక్సు షాపుంది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తాను, కార్డులు లామినేషన్ చేస్తాను, చదువు రానివాళ్లకు అర్జీలు నింపిస్తాను. పొద్దస్తమానం నా చేతుల్లో తిరిగేవి మనుషుల పేర్లూ నంబర్లే.

ఒకావిడ ఆధార్‌లో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చుమమ్మ, పట్టాదారు పాసుపుస్తకంలో లక్ష్మీదేవమ్మ. మూడింటిలో ఉన్నదీ తానేనని రుజువు చేసుకోవడానికి ఒక పూట కూలి వదులుకుని టౌనుకు వస్తుంది. "పాపా, ఇది నేను కాదంటాండారు, నేనేనని రాసియ్యి" అంటుంది. మళ్లీ చెనక్కాయలు వలిచి వలిచి అరిగిన వేళ్లు. మిషన్ మీద ఎంత అదిమినా ముద్ర పడదు. తన వేలు తనకు సాక్ష్యం చెప్పనప్పుడు ఆ ముఖంలో కనిపించే అవమానాన్ని నేను దగ్గరనుంచి చూశాను.

రాబోయే కాలం గురించిన భయం మా సీమకు కొత్తది కాదు. పక్కనున్న కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పిన కాలజ్ఞానం ఇక్కడ చదువు రానివాళ్లకు కూడా తెలుసు. కానీ అందులోని భయం వేరు. కట్టు తప్పుతుందని, వావివరుసలు చెడతాయని, లోకం తలకిందులవుతుందని దాని దిగులు. ఇరవయ్యో శతాబ్దపు నవలల దిగులు దానికి నేరుగా ఎదురు. కట్టు ఎక్కడా సడలదని, ఒక్క చీలిక కూడా మిగలదని వాటి భయం. కరువు ప్రాంతంలో పుట్టిన నాలాంటిదానికి ఈ రెండో భయం అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. ఇక్కడ పల్లెల్లో ఎక్కువ వినిపించే గోడు, 'నా పేరు ఎక్కలేదు' అన్నది. పంట నష్టం జాబితాలో ఎక్కలేదు, పింఛను జాబితాలో ఎక్కలేదు. రాజ్యం కంట పడకపోతే పస్తే. అలాంటిచోట, రాజ్యం కంట పడటమే ప్రమాదం అని చెప్పే పుస్తకాన్ని ఎలా చదవాలి?

చదవగా చదవగా నాకు తోచింది ఇది. జాబితాలో పేరు లేకపోవడం, జాబితాలో తప్ప మరెక్కడా మనిషి లేకపోవడం, రెండూ ఒకచోటినుంచే పుడతాయి. మన పేరు రాసే కలం ఎవరి చేతిలో ఉంది? వాళ్లు తప్పు రాస్తే దిద్దించుకునే దారి మనకుందా? ఈ నవలలన్నీ ఎన్ని వేషాలు వేసినా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో కొరడా కనబడదు. పిల్లల్ని సీసాల్లో పెంచుతారు. ఒకే అండం నుంచి 96 మందిదాకా అచ్చుగుద్దినట్టు తీస్తారు. నిద్రలో చెవిలో పాఠాలు నూరిపోసి, పెద్దయ్యాక దిగులు పుడితే సోమ అనే మాత్ర ఇస్తారు. మా కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వేరుశనగ రకాలకు కదిరి-3, కదిరి-6 అని నంబర్లు పెడుతుంది. ఒక సంచిలోని గింజ ఇంకో సంచిలోని గింజలాగే మొలవాలి, అదే కాలానికి కోతకు రావాలి. అందుకే విత్తనానికి నంబరు, అది రైతుకు మేలు. హక్స్‌లీ రాజ్యం మనిషిని ఆ సంచిలో పోసింది. పుట్టకముందే ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని అయిదు తరగతులు చేసి, ఒక్కో తరగతికి ఒక రంగు బట్టలు ఇచ్చింది. ఆల్ఫాలు బూడిదరంగు, డెల్టాలు ఖాకీ, ఎప్సిలాన్లు నలుపు.

ఆ రంగుల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2018 జనవరిలో మన దేశంలోనే ఒక ప్రతిపాదన వచ్చింది. పదో తరగతి పాసుకాక, వలసకు ముందస్తు అనుమతి అవసరమయ్యేవాళ్లకు నారింజరంగు పాస్‌పోర్టు ఇవ్వాలని. మిగతావాళ్లకు ఎప్పటిలా నీలం. గల్ఫ్‌కు కూలికి పోయేవాడు ఏ విమానాశ్రయంలోనైనా జేబులోంచి పుస్తకం తీయగానే చదువులేనివాడని అందరికీ తెలిసిపోయే ఏర్పాటు. గట్టిగా వ్యతిరేకత వచ్చింది, ఆ నెలాఖరుకే ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. రాసినదాన్ని దిద్దించుకునే దారి ఉందంటే అర్థం ఇదే. హక్స్‌లీ రాజ్యంలో ఆ దారి లేదు.

మన తెలుగునేల మీదే ఆ దారి పూర్తిగా మూసేసిన కాలం ఒకటి గడిచింది. అది నవల కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. మా అనంతపురం అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఈ చట్టం కింద ఒక కులాన్ని మొత్తంగా నేరస్థులని ప్రకటించవచ్చు. ఏ తప్పూ చేయకపోయినా, పుట్టుకే నేరం. పేరు పట్టీలో ఎక్కించాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు మారాలంటే చెప్పి కదలాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఎరుకలవాళ్లను అలా పట్టీకెక్కించారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వాళ్ల కథ విప్పి చెప్పింది. తీరం నుంచి లోపలి జిల్లాలకు పశువుల మీద ఉప్పు మోసుకొచ్చి, ఇక్కడి ధాన్యం అక్కడికి చేర్చే వర్తకం వాళ్లది. రైళ్లు వచ్చి ఆ బేరాన్ని తుడిచిపెట్టాయి. నిలవకుండా తిరిగేవాళ్ల మీద పాలకులకు ఎప్పుడూ అనుమానమే. బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దానికి స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడ ఉంచిన మనుషుల పేర్లు పట్టీల్లో మిగిలాయి, ఊరికి మాత్రం అధికారి పేరు నిలిచింది.

ఆ వేలిముద్రల శాస్త్రం కూడా మన దేశంలోనే పెరిగింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. ముద్రలను వర్గాలుగా విడగొట్టే పద్ధతిని లెక్కకట్టి నిలబెట్టిన ఇద్దరు భారతీయులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ప్రపంచానికి అది తెలిసింది పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద. ప్రతి మనిషినీ విడిగా గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టినవాళ్లనే లోకం చాలాకాలం గుర్తుపెట్టుకోలేదు. ఇది నాకు కష్టంగా తోస్తుంది.

జార్జ్ ఆర్వెల్‌ను ఈ వెలుగులో చదివితే ఆయన మనకు మరీ దూరం వాడనిపించడు. 1903లో బిహార్‌లోని మోతీహారిలో పుట్టినాడు. తండ్రి నల్లమందు శాఖ ఉద్యోగి. 1922 నుంచి 1927 దాకా బర్మాలో, అంటే అప్పటి బ్రిటిష్ ఇండియాలో, పోలీసు అధికారిగా పనిచేశాడు. పట్టీ రాసేవాడి బల్ల దగ్గర కూర్చున్న మనిషి. 1949లో ఆయన '1984' వచ్చింది. అందులో గోడమీది తెర మనిషిని చూస్తూ ఉంటుంది. పొద్దున కసరత్తు సరిగ్గా చేయకపోతే '6079 స్మిత్' అని పిలిచి గద్దిస్తుంది. విన్‌స్టన్ స్మిత్ ఉద్యోగం పాత పత్రికల్లో వార్తలు మార్చడం. నిన్నటి మాట ఇవాళ్టి ప్రభుత్వానికి సరిపోకపోతే నిన్ననే దిద్దేస్తారు. ప్రజలు దిద్దుకోవలసిన కలం పూర్తిగా పాలకుడి చేతికి పోవడమంటే అది. ఆర్వెల్ రాజ్యం మాట వినడంతో తృప్తి పడదు, ప్రేమించమంటుంది. చివరికి స్మిత్ ప్రేమిస్తాడు కూడా. నేను చదివిన ముగింపుల్లో అంత భయంకరమైనది లేదు.

స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టాన్ని దేశమంతటా ఎత్తేశారు. ఆ తెగలను ఇప్పుడు విముక్త జాతులు అంటున్నాం. చట్టం పోయినా ముద్ర పోలేదు. 1991లో ఒకే ఏడాది 'స్టూవర్టుపురం దొంగలు', 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్' అని రెండు సినిమాలు వచ్చాయి. మనమందరం చూశాం. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి పోయి ఊరి పేరు చెప్పినప్పుడు ఎదుటివాడి చూపు ఎలా మారుతుందో ఊహించండి. కవి జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం ఆ ఊళ్లో ఏళ్లపాటు పనిచేశారు. నాకు వాళ్లే ఎక్కువ గుర్తుంటారు, సినిమాలు కాదు.

ఇక నేను ఒంటరిగా చదవలేకపోయిన నవల మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో ప్రచురించిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'. గిలియడ్ అనే రాజ్యంలో ఒక్క రోజులో ఆడవాళ్ల బ్యాంకు ఖాతాలు ఆగిపోతాయి, ఉద్యోగాలు పోతాయి. పిల్లల్ని కనగలిగినవాళ్లను అధికారుల ఇళ్లకు పంపిస్తారు. కథానాయిక పేరు ఆఫ్రెడ్. అంటే ఫ్రెడ్ అనే అధికారి సొత్తు అని. ఆమె అసలు పేరు పుస్తకంలో ఎక్కడా సూటిగా చెప్పరు. ఆమెకు ముందు అదే గదిలో ఇంకో ఆడమనిషి ఉండేది, ఆమె పేరూ ఆఫ్రెడే. ఆమె ఉరేసుకుంది, ఈమె వచ్చింది. పేరు గదికి ఉంటుంది, మనిషికి ఉండదు. మనుషుల చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఈ నవలలో పెట్టలేదని ఆట్‌వుడ్ చెప్పింది.

మా చిన్నమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది. కదిరి, రాయచోటి వైపు నుంచి అలా పోయిన ఆడవాళ్లు చాలామంది. వానలు తప్పి చెనక్కాయ పంట పోయిన ఏడు అప్పు తీరే దారి ఇంకోటి కనబడదు. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నియమం. అందుకని ఏజెంటు ఆమె పుట్టిన సంవత్సరాన్ని కాగితాల్లో వెనక్కి జరిపించాడు. అలా, ఊరు దాటకముందే వయసు పోయింది. అక్కడ దిగగానే కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకున్నాడు. ఇంటావిడకు ఈమె పేరు నోరు తిరగలేదు. ముందు పనిచేసిపోయిన ఆమె పేరుతోనే పిలిచింది. పోయినామె ఏ దేశపుదో కూడా చిన్నమ్మకు తెలియదు. తిరిగి వచ్చేదాకా ఆ పేరుకే పలికింది.

ఆఫ్రెడ్ కథ ఆమెకు మా తెలుగులో చెప్పినాను. వంటింట్లో చెనక్కాయల పొడి దంచుతూ విని, "పిలిస్తే పలకాల గదా, అన్నం పెట్టేది వాళ్లు" అంది. కాసేపాగి, "రాత్రి పండుకునేటప్పుడు మాత్రం నా పేరు నేను అనుకునేదాన్ని" అంది. నవలలో కూడా, నిర్బంధంలో ఉన్న ఆడవాళ్లు రాత్రిపూట మంచం నుంచి మంచానికి గుసగుసగా తమ పేర్లు చెప్పుకుంటారు. చిన్నమ్మ ఆ పుస్తకం చదవలేదు, ఆట్‌వుడ్ కదిరి చూడలేదు. పేరు లాగేసుకున్నప్పుడు మనిషి చేసే పని ఎక్కడైనా అదే.

పట్టు విడవని ఆ చిన్న పనిని ప్రతి నవలా ఏదో ఒక రూపంలో చూపిస్తుంది. స్మిత్ దాచిపెట్టుకుని డైరీ రాస్తాడు. కజువో ఇషిగురో 2005 నవల 'నెవర్ లెట్ మీ గో'లో అవయవాల కోసం పెంచిన పిల్లలు బొమ్మలు గీస్తారు. వాళ్లకు ఆత్మ ఉందా లేదా అని పెద్దవాళ్లు ఆ బొమ్మల్లో వెతుకుతారు. రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన 'ఫారెన్‌హీట్ 451'లో పుస్తకాలు తగలబెట్టడమే ఫైరింజను వాళ్ల ఉద్యోగం. ఊరిబయట కొందరు ఒక్కొక్కరు ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి, తామే ఆ పుస్తకమై బతుకుతుంటారు. ఇది మనకు వింతగా తోచదు. వేమన సమాధి మాకు దగ్గరి కటారుపల్లెలోనే ఉంది. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేదాకా ఆ పద్యాలు తాటాకుల్లోనూ జనం నోళ్లలోనూ బతికాయి. ప్రతి పద్యం చివరా తన పేరు కట్టిపెట్టుకున్న కవి ఆయన.

నంబరంటేనే చెడ్డదని ఈ నవలలు చదివినవాళ్లు కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. కరువుపని, అంటే ఉపాధి హామీ, 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లెలోనే మొదలైంది. జాబ్‌కార్డు నంబరు లేకపోతే ఆ కూలి ఆడవాళ్ల చేతికి వచ్చేది కాదు. ఆ పథకంతోపాటు మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు పట్టీని ఊరందరి ముందు గట్టిగా చదువుతారు. ఫలానా ఆమె ఇన్ని రోజులు పనిచేసింది, ఇంత కూలి తీసుకుంది అని. ఆ ఫలానా ఆమె అక్కడే లేచి నిలబడి, నాకు అంత రాలేదు అనవచ్చు. ఆర్వెల్ తెర జనాన్ని చూస్తుంది. ఇక్కడ జనం పట్టీని చూస్తారు. అదే పథకంలో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. చూపు మళ్లీ పైనుంచి కిందికి తిరిగింది. రెండింటికీ మధ్య ఉన్న తేడా గమనిస్తే డిస్టోపియా నవలలు సగం అర్థమైనట్టే.

రాజ్యం చూపు ఎంతదాకా అన్న ప్రశ్న కోర్టుకు కూడా పోయింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. మరుసటి ఏడు సెప్టెంబరు 26న సంక్షేమ పథకాలకు ఆధార్ చెల్లుతుందని నలుగురు న్యాయమూర్తులు తీర్పు ఇస్తే, జస్టిస్ చంద్రచూడ్ విడిగా వ్యతిరేకించారు. ఆ రెండు తీర్పుల మధ్య ఉన్న చర్చనంతా తేలిక తెలుగులో ఎవరైనా పుస్తకంగా రాస్తే కరువుపనికి పోయేవాళ్ల పిల్లలు చదువుతారని నా నమ్మకం.

ఈ నవలల్లో ముందు ఏది చదవాలని అడిగితే ఆట్‌వుడ్‌దే చెబుతాను, ఆడవాళ్లకైతే మరీ. జమ్యాతిన్ ఓపిక అడుగుతాడు, హక్స్‌లీ మధ్యలో ఉపన్యాసం చెబుతాడు, ఆర్వెల్ నిద్ర చెడగొడతాడు. అయినా అందరూ చదవదగినవాళ్లే.

కువైట్‌కో సౌదీకో పోయే అక్కచెల్లెళ్లకు, వాళ్లను పంపే ఇంటివాళ్లకు ఒక మాట. కాగితాల్లో వయసు మార్చనివ్వకండి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూపించుకోండి. బ్రాడ్‌బరీ మనుషులు పుస్తకాలు బట్టీపట్టినట్టు, మీ పాస్‌పోర్టు నంబరు, ఇంటివాళ్ల ఫోను నంబరు, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు నోటికి వచ్చేదాకా చదవండి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచి పోండి. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం చెబుతుంది. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. అది తెలుసుకుని విమానం ఎక్కండి.